తప్పిన లెక్కను దాచని రిచర్డ్‌సన్

చెరువు తూము ఎత్తినపుడు నీటిలో పెద్ద సుడి పుట్టును. అది చిన్న సుడులుగా చీలి, అవి యింకను చిన్నవై, తుదకు నీటిలో లీనమగును. మనము నిత్యము చూచు నీ వింతను గాలియందు గుర్తించి, గాలి నడకను గణితమునకు లోబరుప బూనిన మహాశయుడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్.

ఈయన 1881వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున, ఏడుగురు సంతానములో కడగొట్టువాడుగా జన్మించెను. వీరిది యుద్ధమును పాపముగా నెంచు క్వేకరు క్రైస్తవ కుటుంబము. కేంబ్రిడ్జిలో చదివి, 1913లో వాతావరణ శాఖలో ప్రవేశించెను. ఆకాశమును చదరంగపు బల్లవలె గళ్లుగా విభజించి, ప్రతి గడిలోని గాలి, పీడనము, వేడిమి, తేమలను లెక్కించుచు కొంతకొంత కాలము ముందునకు జరిపినచో, రాబోవు వాతావరణమును ముందే యెరుగవచ్చునని యాయన తలంపు.

1916లో ఆయుధము పట్టనొల్లక, ఫ్రాన్సు యుద్ధరంగమున క్షతగాత్రులను మోయు బండికి చోదకుడయ్యెను. విరామ సమయములందు గడ్డికుప్పపై కూర్చుండి, 1910 మే 20వ తేదీ నాటి ఆరు గంటల మార్పును చేతితో లెక్కించెను. దానికి ఆరు వారములు పట్టెను. పీడనము 145 మిల్లీబార్లు పెరుగునని లెక్క తేలెను. నిజమునకు ఆనాడది ఇంచుమించు కదలనేలేదు! ఆ వ్రాతప్రతియు 1917లో యుద్ధపు గందరగోళమున పోయి, కొన్ని నెలల పిదప బెల్జియములో బొగ్గుకుప్ప క్రింద దొరికెను.

1922లో గ్రంథము వెలువరించినపుడు ఆయన ఆ తప్పును దాచక, ఒక్కొక్క అంకెతో సహా లోకము ముందుంచెను. లెక్కలు వ్రాయుటే జీవనముగా గల నాకు ఆయన చరిత్రలో మిక్కిలి పూజ్యమైనది ఇదియే. పొసగని పద్దును చింపివేయుట సులభము. పదుగురు పరిశీలింప నిలుపుట కష్టము. గాలి, పీడనముల తొలి కొలతలు ఒకదానితో నొకటి పొసగకపోవుటయే కారణమనియు, పద్ధతి సరియైనదే యనియు తరువాతివారు తేల్చిరి. పుట చింపియుండినచో అది తేలియుండెడిది కాదు.

1920లో వాతావరణ శాఖ వైమానిక శాఖ క్రిందికి పోగా కొలువు విడిచెను. తన గాలి పరిశోధనలపై విషవాయు నిపుణుల చూపు పడినదని యెరిగి, అచ్చుకాని వ్రాతలను నాశనము చేసి, యుద్ధములేల పుట్టునో గణితముతో వెదకసాగెను. 1950లో అమెరికాలో ఎనియాక్ యంత్రముపై ఒక దినపు వాతావరణమును లెక్కించిరన్న వార్త విని సంతోషించి, 1953 సెప్టెంబరు 30న స్కాట్లండులో కన్నుమూసెను.

నేడు సూర్యునివలె పరమాణు కేంద్రకములను కలిపి శక్తిని పుట్టింప గోరువారు, పది కోట్ల డిగ్రీలకు మించి కాగు ప్లాస్మాను అయస్కాంత బలముతో బంధింపవలసియున్నది. మన దేశమున గాంధీనగరము చెంత 1989లో ఆదిత్య యను యంత్రమును ఇట్టి పరిశోధనకే నడిపిరి. ప్లాస్మాలోను సుడులు లేచి వేడిమిని వెలికి తరలించును. ఎంత తరలిపోవునో కంప్యూటర్లు గడిగడికి, క్షణక్షణమునకు లెక్కించును. గడ్డికుప్పపై ఆ చోదకుడు చేతితో చేసిన లెక్క తీరును ఇట్టిదే.

వానకై మింటివంక చూచు బిజినేపల్లి రైతునకు నేడందు వాతావరణ సూచనయు ఆయన చూపిన దారిదే. మన గ్రంథాలయమున చదువుకొను బాలురు, లెక్క తప్పినపుడు పలక తుడువక ముందొకసారి ఆయనను తలచుకొందురుగాక.