ఎడమచేతి వాటం గిటారు – జిమీ హెండ్రిక్స్

రాక్ సంగీతం అనగానే మనలో చాలామందికి పొడుగు జుట్టు, చెవులు దిమ్మెత్తించే చప్పుడు గుర్తుకొస్తాయి. ఆ సంగీతంలో ఎలక్ట్రిక్ గిటారు వాయించే పద్ధతినే మార్చేసిన జిమీ హెండ్రిక్స్ మాత్రం గిటారు కొనే స్తోమత లేని ఇంట్లో పుట్టిన నల్లజాతి బిడ్డ. 27 ఏళ్లకే చనిపోయాడు. లోకం అతన్ని ఎరిగింది నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలోనూ తన పాట తనకు దక్కడం కోసం పెనుగులాడుతూనే ఉన్నాడు.

హెండ్రిక్స్ 1942 నవంబరు 27న అమెరికాలోని సియాటిల్ నగరంలో జన్మించాడు. అప్పటికి తండ్రి అల్ సైన్యంలో ఉన్నాడు. తల్లి లూసిల్‌కు 17 ఏళ్లు. తండ్రి తిరిగి వచ్చాక కూడా ఇల్లు కుదుటపడలేదు. తాగుడు, తగాదాలు, పని దొరకని రోజులు. 1951లో తల్లిదండ్రులు విడిపోయారు. తోబుట్టువులు పరాయి ఇళ్ల పెంపకానికి వెళ్లారు. జిమీ చుట్టాల ఇళ్లలో కొన్నాళ్లు, తండ్రి దగ్గర కొన్నాళ్లు పెరిగాడు. 1958లో తల్లి చనిపోతే పిల్లలను అంత్యక్రియలకు తీసుకెళ్లలేదు.

బడిలో ఈ పిల్లవాడు ఎప్పుడూ చీపురుకట్ట పట్టుకుని గిటారు వాయిస్తున్నట్లు తిరిగేవాడు. అది గమనించిన ఒక సంక్షేమ ఉద్యోగిని, పేద పిల్లల నిధి నుంచి ఇతనికి గిటారు ఇప్పించాలని లేఖ రాసింది. మంజూరు కాలేదు. తర్వాత తండ్రితో కలిసి ఒక ఇంట్లో పాత సామాను ఎత్తివేసే కూలిపనికి వెళ్లినప్పుడు, చెత్తలో ఒక్క తీగ మాత్రమే మిగిలిన ఉకులేలే దొరికింది. గిటారుకు చిన్న చెల్లెలి లాంటి వాయిద్యం అది. ఆ ఒక్క తీగ మీదే రేడియోలో విన్న పాటలు పలికించాడు. 1958లో 5 డాలర్లకు ఒక పాత గిటారు చేతికొచ్చింది.

అక్కడా ఒక చిక్కు వచ్చింది. జిమీది ఎడమచేతి వాటం. గిటార్లన్నీ కుడిచేతి వాళ్ల కోసం చేసినవే. తండ్రికేమో ఎడమచేత్తో వాయిస్తే గిట్టదు. (ఎడమచేత్తో తింటే మన ఇళ్లలో మాత్రం ఊరుకుంటారా!) గిటారును తలకిందులుగా తిప్పి, తీగలు విప్పి మళ్లీ తన చేతికి తగినట్లు బిగించుకున్నాడు. పేరు వచ్చి, ఎంత ఖరీదైన గిటారైనా కొనగలిగిన రోజుల్లో కూడా కుడిచేతి గిటారునే తిప్పి వాయించాడు.

గురువంటూ ఎవరూ లేరు. సంగీత లిపి చదవడం చివరిదాకా రాలేదు. మడ్డీ వాటర్స్, బి.బి.కింగ్, హౌలిన్ వుల్ఫ్ వంటి నల్లజాతి బ్లూస్ గాయకుల రికార్డులే పాఠాలు. 1957లో సియాటిల్‌లో ఎల్విస్ ప్రెస్లీ కచేరీని చూశాడు. తన గొంతు బాగుండదని పాడటానికి సిగ్గుపడే జిమీకి బాబ్ డిలాన్ పాటలు ధైర్యమిచ్చాయి. డిలాన్ గొంతు కూడా తీయనిదేమీ కాదు కదా.

18 ఏళ్ల వయసులో దొంగిలించిన కార్లలో తిరుగుతూ రెండుసార్లు పట్టుబడ్డాడు. జైలా, సైన్యమా అన్నప్పుడు 1961లో సైన్యంలో చేరాడు. పారాచూట్ దళంలో శిక్షణ పొంది, 1962లో బయటికొచ్చాడు. అక్కడ పరిచయమైన బిల్లీ కాక్స్ కడదాకా స్నేహితుడు. ఆ తర్వాత నాలుగేళ్లు నల్లవాళ్ల హాళ్లలో పెద్ద గాయకుల వెనుక నిలబడి వాయించాడు. లిటిల్ రిచర్డ్ బృందంలో బట్టల గురించి, వేళకు రాకపోవడం గురించి తగాదాలయ్యాయి. వెనుక వరుసలో ఒదిగి ఉండటం అతని వల్ల కాలేదు.

1965 అక్టోబరులో ఎడ్ చాల్పిన్ అనే నిర్మాత ఒక కాగితం ముందు పెట్టాడు. మూడేళ్ల ఒప్పందం. చేతికి 1 డాలరు, అమ్మకాలలో 1 శాతం. జిమీ సంతకం చేశాడు. హెండ్రిక్స్ గురించి రాసేవాళ్లంతా గిటారు తగలబెట్టిన సంగతి రాస్తారు. నా దృష్టిలో ఈ సంతకం అంతకన్నా పెద్ద సంఘటన.

1966లో న్యూయార్క్‌లోని ఒక కాఫీ హోటల్లో వాయిస్తుండగా చాస్ చాండ్లర్ చూసి లండన్‌కు తీసుకెళ్లాడు. నోయెల్ రెడింగ్, మిచ్ మిచెల్‌లతో బృందం ఏర్పడింది. ఆ డిసెంబరులో వచ్చిన 'హే జో'తో పేరు మారుమోగింది. తీగ మోగించాక వచ్చే గీ అనే రొదను అప్పటిదాకా చాలామంది లోపంగా చూసేవారు. జిమీ దాన్ని కాలి కింద మీటలతో, స్పీకరుకు దగ్గరగా జరుగుతూ లొంగదీసి రాగంలో కలిపేశాడు. 1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవంలో గిటారుకు నిప్పుపెట్టాడు. మనవాళ్లు డప్పును మంట దగ్గర కాచేది మోగడానికి. ఆ మంట మాత్రం తమాషా కోసమే. తర్వాత ఎక్కడికి వెళ్లినా జనం ఆ తమాషానే అడగడం అతన్ని విసిగించింది.

అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్ అట్ట చూస్తే మనం ఉలిక్కిపడతాం. మన ఇళ్లలో పటం కట్టించుకునే విష్ణు విశ్వరూపంలో ముగ్గురి ముఖాలు అతికించారు. అది రికార్డు కంపెనీ పని. జిమీని అడిగి చేసింది కాదు.

1969 ఆగస్టు 18, సోమవారం ఉదయం. వుడ్‌స్టాక్ ఉత్సవానికి వచ్చిన లక్షల మందిలో ఎక్కువమంది అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల ముందు జిమీ అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద వాయించాడు. పక్కన బిల్లీ కాక్స్ ఉన్నాడు. గీతం మధ్యలో బాంబులు పడుతున్న చప్పుడు, ఏడుపు, సైరన్ అన్నీ ఆ తీగలలోంచే వచ్చాయి. వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజులవి. ఒకప్పటి పారాచూట్ సైనికుడు ఒక్క మాట పలకకుండా చెప్పవలసింది చెప్పాడు.

పేరు వచ్చేసరికి ఆ 1 డాలరు కాగితం కోర్టుకెక్కింది. రాజీ కోసం 1970లో 'బ్యాండ్ ఆఫ్ జిప్సీస్' అనే ఆల్బమ్‌ను మొత్తంగా వదులుకోవలసి వచ్చింది. రికార్డింగుకు గంటల లెక్కన అద్దె కట్టలేక, ఎవరి గడియారమూ చూడకుండా వాయించుకోవడానికి న్యూయార్క్‌లో 'ఎలక్ట్రిక్ లేడీ' అనే సొంత స్టూడియో కట్టించాడు. పునాదుల్లో నీళ్లు ఊరాయి, డబ్బు చాలలేదు, అప్పు చేశారు. 1970 ఆగస్టు 26న ప్రారంభమైంది. ఆ వెంటనే కచేరీల కోసం లండన్ విమానం ఎక్కాడు. సెప్టెంబరు 18న అక్కడే, మోతాదు మించిన నిద్రమాత్రల మత్తులో వాంతి గొంతుకు అడ్డుపడి చనిపోయాడు. సొంత స్టూడియోలోకి మళ్లీ అడుగుపెట్టలేదు.

వీలునామా లేదు. పాటల హక్కులు ఇతరుల చేతుల్లోకి పోయాయి. చెత్త ఎత్తిన ఆ తండ్రే ముసలితనంలో కోర్టుకెక్కి, 1995లో వాటిని తిరిగి సాధించాడు. అప్పటికి కొడుకు పోయి పాతికేళ్లు.