అరుణా ఆసఫ్ అలీ గారి అజ్ఞాతవాసము

అజ్ఞాతవాసమనగానే విరాటుని కొలువున సైరంధ్రియై తలదాచుకొనిన ద్రౌపదీదేవి మనకు స్ఫురించును. ఆ సాధ్వి సంవత్సరకాలము తన్ను మరుగుపరచుకొనెను. శ్రీమతి అరుణా ఆసఫ్ అలీ గారు మూడేండ్లకు పైబడి మరుగున నుండియు మౌనము వహింపక, పత్రికాముఖమున తమ పలుకును దేశమునకు వినిపించిరి.

ఈమె 1909 జూలై 16న కాల్కా పట్టణమున వంగ కుటుంబమునందు జన్మించిరి. 1928లో, తమకంటె ఇరువదేండ్లకు పైగా పెద్దవారును, అన్యమతస్థులును అగు ఢిల్లీ న్యాయవాది ఆసఫ్ అలీ గారిని బంధువుల అసమ్మతిని లెక్కింపక వివాహమాడిరి. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగిరి. 1931లో గాంధీ–ఇర్విన్ ఒడంబడికచే తక్కినవారికి విడుదల కలిగినను ఈమెకు కలుగలేదు. ఈమెను విడిచి కదలమని తోడి స్త్రీలు పట్టుపట్టిరి.

1942 ఆగస్టు 9న నాయకులు నిర్బంధింపబడగా, బొంబాయి గోవాలియా మైదానమున జెండా నెగురవేసి అజ్ఞాతమున కేగిరి. భర్త అహమ్మద్‌నగరు కోటలో బందీ. ప్రభుత్వము ఆమె ఆస్తిని జప్తుచేసి వేలము వేసెను. పట్టియిచ్చినవారికి 5,000 రూపాయల బహుమానము ప్రకటించెను. ఆ స్థితియందే రామమనోహర్ లోహియా గారితో కలిసి ఇంక్విలాబ్ అను మాసపత్రికకు సంపాదకత్వము వహించిరి. అట్టి పత్రికను వ్రాసిన చేతికే గాక, దాచిన యింటికిని, మోసిన మనిషికిని ముప్పు తప్పదు.

ఆమె ఆరోగ్యము క్షీణించెనని విని, 1944లో గాంధీ మహాత్ముడు లేఖ పంపి, వెలికివచ్చి లొంగిపొమ్మనియు, ఆ బహుమానమును హరిజన సేవకు వినియోగింపుమనియు కోరెను. గురుతుల్యుని మాట ఒకవైపు, తాను చేపట్టిన కార్యము మరియొకవైపు. హింసాహింసల వాదమును ప్రక్కనబెట్టి పోరాటమున చేరుడని అదే యేట యువకులకు తమ పత్రికలో బోధించిన అరుణ గారు లొంగలేదు. ఆ లేఖను మాత్రము నిధివలె కాపాడుకొనిరి. 1946లో వారంటు రద్దయిన పిదపనే బయటకు వచ్చిరి.

1958లో ఢిల్లీ నగరమునకు మేయరైరి. లింక్, పేట్రియట్ పత్రికల స్థాపనలోను పాలుపంచుకొనిరి. 1996 జూలై 29న కీర్తిశేషులైరి. మరుసటి యేట భారతరత్న బిరుదము ప్రకటింపబడెను.

వికారాబాదు, తాండూరు ప్రాంతముల వారికి ఈ చరిత్ర పరాయిది గాదు. నిజాము ఏలుబడిలో 1948 ఆగస్టున ఇమ్రోజ్ సంపాదకులు షోయబుల్లా ఖాన్ గారు తమ రచనలకై హత్యగావింపబడిరి. గ్రంథాలయపు బల్లపై పత్రికను విప్పునపుడు, దానిని చాటున నడపవలసివచ్చిన దినములను చదువరులు స్మరింతురు గాక!