పాత ఆటలకు కొత్త ఊపిరి - అలన్ ట్యూరింగ్ జీవితం

స్టడీ అవర్ అయ్యాక కంప్యూటర్ గది ముందు వరుసలో నిలబడిన పూర్వ విద్యార్థులకు డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటల గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. మా బ్యాచ్ వాళ్లం ఈమధ్య ఒకచోట కలిసినప్పుడు వాటిని మళ్లీ ఆడదామనుకున్నాం. దాచుకున్న సీడీలోని ఫైలును కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే, ఈ ప్రోగ్రాం ఇందులో నడవదని మెసేజ్ వచ్చింది. డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాక యువరాజు మళ్లీ చెరసాలలో పరుగులు తీశాడు. ముప్పై ఏళ్లు దాటిన ఆటను ఈనాటి యంత్రం ఎలా ఆడించిందని ఆరా తీస్తే, ఆ దారి 1936 వరకు పోయింది. అక్కడ కనిపించిన మనిషి అలన్ ట్యూరింగ్. ఆయన జీవితాన్ని మన సంచిక పాఠకులకు పరిచయం చేయాలన్నదే మా ఈ చిన్న ప్రయత్నం.

ట్యూరింగ్ ఆంగ్లేయుడే అయినా ఆయన కుటుంబానికి మన ప్రాంతంతో సంబంధం ఉంది. తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. పార్వతీపురం, విశాఖపట్నం, శ్రీకాకుళం, బెజవాడ, కర్నూలు, అనంతపురం వంటి చోట్ల ఉద్యోగం చేశారు. తల్లి ఈథెల్ మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరు కుమార్తె. అలన్ మాత్రం 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. పిల్లవాడికి పదిహేను నెలలు నిండేసరికి తల్లి కూడా భర్త దగ్గరకు మన దేశం వచ్చేశారు. అలన్‌నూ, అన్న జాన్‌నూ ఇంగ్లండు సముద్ర తీరంలోని ఒక దంపతుల ఇంట్లో ఉంచారు. మన జిల్లాల్లో కొలువు చేసే తండ్రి, పరాయి ఇంట్లో పెరిగే కొడుకు. అమ్మానాన్నలకు దూరంగా ఉండి చదువుకోవడమంటే ఏమిటో మన హాస్టల్ పిల్లలకు తెలియనిది కాదు.

పదమూడేళ్ల వయసులో అలన్‌ను షెర్బోర్న్ బోర్డింగ్ స్కూల్లో చేర్చారు. 1926 మే నెలలో బడి తెరిచే సమయానికి దేశమంతా సమ్మె, రైళ్లు లేవు. అప్పటికి తల్లిదండ్రులు ఫ్రాన్స్‌లో ఉంటున్నారు. అక్కడి నుంచి వచ్చి సౌతాంప్టన్‌లో ఓడ దిగిన ఆ కుర్రవాడు సైకిలెక్కి, దారిలో ఒక రాత్రి సత్రంలో పడుకుని, సుమారు 60 మైళ్లు తొక్కి బడికి చేరాడు. చదువులో మాత్రం అన్నీ పొగడ్తలే కావు. లెక్కలు, సైన్సు తప్ప మిగతా పాఠాల మీద ధ్యాస లేదనీ, చేతిరాత బాగాలేదనీ మాటలు పడేవాడు. అక్కడే సైన్సంటే తనలాగే ప్రాణమిచ్చే క్రిస్టొఫర్ మోర్కామ్ అనే స్నేహితుడు దొరికాడు. ఆ స్నేహితుడు 1930 ఫిబ్రవరిలో క్షయ రోగంతో చనిపోయాడు. ఆ దుఃఖాన్ని దిగమింగి, అతని పని కూడా తానే చేయాలన్నట్టు చదివి, 1931లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో చేరాడు. 1935లో, ఇరవై రెండేళ్లకే, ఆ కాలేజీ ఫెలో అయ్యారు.

1936లో ఆయన రాసిన గణిత వ్యాసమే మన కథకు మూలం. కాగితపు పట్టీ మీద గుర్తులు చదువుతూ, రాస్తూ, చెరుపుతూ ముందుకూ వెనక్కూ జరిగే ఒక యంత్రాన్ని ఆయన ఊహించారు. ఏ గుర్తు కనిపిస్తే ఏం చేయాలో దానికి నియమాలు ఉంటాయి. ఇంతవరకు ఒక్కో పనికి ఒక్కో యంత్రం కావాలి. అక్కడి నుంచి ఆయన మరో అడుగు వేశారు. ఒక యంత్రపు నియమాలనే పట్టీ మీద రాసి వేరొక యంత్రానికి ఇస్తే, ఆ రెండోది మొదటిదానిలా నడుచుకోగలదని నిరూపించారు. అలా ఏ యంత్రంలాగైనా నడుచుకోగలిగినదే సార్వత్రిక యంత్రం. మన ఊళ్లకు వచ్చే పగటివేషగాడిని తలుచుకోండి. మనిషి ఒక్కడే, వేషాన్ని బట్టి ఒకనాడు పోలీసు, ఒకనాడు ఫకీరు. కంప్యూటరూ అంతే. అప్పటికి ఇలాంటి కంప్యూటర్ ప్రపంచంలో ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు మన ఆట సంగతి చూద్దాం. ఆనాటి డాస్ ఆటలు 16 బిట్ ప్రోగ్రాములు. అవి తెరతోనూ, సౌండ్ కార్డుతోనూ నేరుగా మాట్లాడేవి. తర్వాతి విండోస్‌లు ఏ ప్రోగ్రామునూ అలా నేరుగా హార్డ్‌వేర్ మీద చెయ్యి వేయనివ్వవు. 64 బిట్ విండోస్ అయితే 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. 2002లో వచ్చిన డాస్‌బాక్స్ కొత్త కంప్యూటర్ చేత పాత కంప్యూటర్ వేషం కట్టిస్తుంది. పాత ప్రాసెసర్, పాత మెమరీ, పాత సౌండ్ కార్డు, అన్నింటినీ సాఫ్ట్‌వేర్‌తోనే సృష్టిస్తుంది. ఆటలోని ఒక్కో ఆదేశాన్ని చదివి, పాత యంత్రం ఏం చేసేదో అదే చేస్తుంది. పాపం ఆటకు తాను 1990లోనే ఉన్నాననిపిస్తుంది. కొన్ని ఆటలు ప్రాసెసర్ వేగాన్ని నమ్ముకుని రాసినవి కాబట్టి బొమ్మలు మరీ ఉరకవచ్చు. అప్పుడు కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే వేగం తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. 2015 జనవరిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2,400 దాకా డాస్ ఆటలను బ్రౌజర్‌లోనే ఆడుకునేలా పెట్టింది కూడా ఈ ఉపాయంతోనే. వీటన్నింటికీ పునాది ట్యూరింగ్ వ్యాసమే.

మళ్లీ ఆయన దగ్గరకు వద్దాం. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైన మర్నాడే ఆయన బ్లెచ్లీ పార్కులోని రహస్య కేంద్రంలో చేరారు. జర్మన్లు ఎనిగ్మా యంత్రంతో పంపే రహస్య సందేశాలను విప్పడం అక్కడి పని. పోలండు గణితవేత్తలు అంతకుముందే వేసిన బాట మీద నడిచి, ఆయన బాంబ్ అనే యంత్రానికి రూపకల్పన చేశారు. జర్మన్ నౌకాదళ సందేశాలను విప్పిన విభాగానికి నాయకత్వం వహించారు. ఇదంతా రహస్యం కావడంతో 1970ల వరకు లోకానికి తెలియనే లేదు.

బ్లెచ్లీలో తీరిక దొరికితే సహచరులతో చదరంగం ఆడేవారు. ఆటలో ఆయన గొప్ప నేర్పరి కాకపోయినా, యంత్రం చేత చదరంగం ఆడించవచ్చా అన్న ఆలోచన మాత్రం ఆయన్ను వదల్లేదు. 1948లో స్నేహితుడు డేవిడ్ చాంపర్‌నౌన్‌తో కలిసి అందుకు నియమాలు రాశారు. అదే టూరోచాంప్. దాన్ని నడపగల కంప్యూటర్ అప్పటికి లేదు. 1952లో అలిక్ గ్లెన్నీ అనే సహోద్యోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ట్యూరింగ్ తానే యంత్రమయ్యారు. కాగితం మీద లెక్క వేసి ఎత్తు వేయడానికి ఒక్కోసారి అరగంట పట్టేది. 29 ఎత్తుల్లో ఆయన ప్రోగ్రాం ఓడిపోయింది. మాంచెస్టర్‌లోని ఫెరాంటి కంప్యూటర్ మీద దాన్ని నడపాలని మొదలుపెట్టారు గాని, ఆ పని పూర్తి కాలేదు.

అదే ఏడాది ఆయన మీద పిడుగు పడింది. మగవాడై ఉండి మరో మగవాణ్ణి ప్రేమించడం ఆనాటి ఇంగ్లండు చట్టంలో నేరం. 1952లో ఆయనపై కేసు పెట్టి నేరం ఖాయం చేశారు. జైలుకు పోకుండా ఉండాలంటే ఏడాది పాటు హార్మోన్ చికిత్సకు ఒప్పుకోవాలన్నారు, ఒప్పుకున్నారు. రహస్య పనులకు ఆయన్ను దూరం పెట్టారు. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే కన్నుమూశారు. విచారణలో ఆత్మహత్యగా తేల్చారు. తల్లి మాత్రం అది ప్రమాదమేనని నమ్మారు. దేశాన్ని కాపాడిన మనిషిని, ఎవరికీ హాని చేయని తన స్వభావాన్ని బట్టి దోషిగా నిలబెట్టారు. ఉన్నదాన్ని బట్టి, పుట్టుకను బట్టి మనిషిని చిన్నచూపు చూడటమంటే ఏమిటో మన హాస్టల్ గోడల మధ్య పెరిగిన వారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించారు. 2021లో 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు. ఆంగ్లేయులు మన దేశంలో పెట్టిపోయిన అలాంటి చట్టాన్ని పరస్పర అంగీకారం ఉన్న పెద్దలకు వర్తించకుండా మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న కొట్టివేసింది. ఇవేవీ ఆయన చూడలేదు.

ఆయన చూడనిది ఇంకొకటి ఉంది. 2012 జూన్‌లో, శత జయంతి సందర్భంగా మాంచెస్టర్‌లో, టూరోచాంప్‌ను ఈనాటి కంప్యూటర్ మీద నడిపించి, ప్రపంచ మాజీ విజేత గ్యారీ కాస్పరోవ్‌తో ఆడించారు. కాస్పరోవ్ 16 ఎత్తుల్లో గెలిచారు. ఓడితేనేం? కాగితం మీదే ఆగిపోయిన ఆట, రాసిన మనిషి పోయిన 58 ఏళ్లకు యంత్రం మీద నడిచింది. నియమాలు సరిగ్గా రాసిపెట్టి ఉంటే ఆట చావదు, దాన్ని ఆడించే యంత్రం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మనిషి అలా కాదు, పోతే మళ్లీ రాడు. క్షమాపణ ఎంత గొప్పదైనా ఆలస్యంగా వస్తే అందుకోవడానికి ఆయన ఉండరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి కంప్యూటర్ ముందు పాత ఆట తెరిచినప్పుడు ఆయన్ను ఒక్క నిమిషం తలుచుకోండి. అలాగే మీ గదిలో మిగతా వారికంటే వేరుగా ఉన్నాడని అందరూ ఆటపట్టించే పిల్లవాడెవరైనా ఉంటే, వాడిని పిలిచి మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ పని మాత్రం ఆలస్యం చేయకండి.