మోకాలి కుదుపు వెనకాల మనిషి

ఫిజియాలజీ ప్రాక్టికల్సులో ఒకరి మోకాలిమీద ఒకరం రబ్బరు సుత్తితో కొట్టి నవ్వుకున్నవాళ్ళమే మనమంతా. చిప్ప కింది టెండన్ మీద దెబ్బ పడగానే కాలు ఎగురుతుంది. ఇంతేగదా అనిపిస్తుంది. కాని 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ డాక్టర్లు ఈ సంగతి ప్రకటించింది మొదలు పెద్ద తగువే నడిచింది. ఇది వెన్నుపాము ద్వారా జరిగే ప్రతీకార చర్యా, లేక కండరం తనంతట తాను ఉలిక్కిపడటమా అని.

ఆ తగువులో తలదూర్చినవారిలో చార్లెస్ షెరింగ్టన్ ఒకరు. 1857లో లండనులో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివారు, రగ్బీ బాగా ఆడేవారు. చదువు సంగతి అలా ఉంచి అసలు విషయానికొద్దాం.

కండరానికి పోయే నరమంటే దానిచేత పని చేయించే నరమేనని అప్పట్లో చాలామంది నమ్మకం. షెరింగ్టన్ పిల్లుల్లో, కోతుల్లో వెన్నుపాము ముందువైపు నాడీమూలాలను కోసేశారు. ఆజ్ఞలు మోసే పోగులు ఆ దారినే వస్తాయి కాబట్టి కొన్నాళ్ళకి అవి నశించిపోతాయి. అప్పుడు కండరపు నరాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, బతికున్న పోగుల్ని ఓపిగ్గా లెక్కపెట్టారు. మూడోవంతు నుంచి సగం దాకా మిగిలే ఉన్నాయి! అంటే అవన్నీ కండరం నుంచి కబురు మోసుకెళ్ళేవే. ఇది 1894 నాటి మాట. కండరంలోపల కదురు ఆకారంలో ఉండే సన్నని అవయవాలు ఎందుకున్నాయో కూడా దీంతో తేలింది. అవి కండరం సాగుదలను పసిగట్టేవి. సుత్తి దెబ్బ తగిలేది టెండన్‌కే అయినా, దానివల్ల తొడ కండరం చటుక్కున సాగుతుంది, కబురు పంపేది ఆ కదుళ్ళే. టెండన్‌లోనూ నాడీ అవయవాలు లేకపోలేదు, వాటిని అంతకుముందే ఇటలీలో గాల్జీ వర్ణించాడు. అవి ముఖ్యంగా కండరం లాగే బలాన్ని చెబుతాయి.

ఒళ్ళు తన సంగతి తాను తెలుసుకునే ఈ ఏర్పాటుకి 1906లో ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టారు. 1924లో లిడెల్‌తో కలిసి, పెద్దమెదడు వేరుచేసిన పిల్లుల మీద, తొడ కండరాన్ని కొన్ని మిల్లీమీటర్లు సాగదీసినా అది ఎదురు లాగుతుందని చూపించారు. ఆ పిల్లుల్ని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది, నిజమే.

లిగమెంట్ల సంగతి ఆయన తరవాతివాళ్ళ వంతు. 1944లో గార్డ్‌నర్, 1954లో బాయిడ్ పిల్లి మోకాలి కీలునే విప్పి చూశారు. టెండన్‌లో ఉండేలాంటి నాడీ అంత్యాలే లిగమెంట్లలోనూ కనిపించాయి.

పుస్తకాల పురుగు మాత్రం కాదాయన. 1915లో, యాభై ఏడేళ్ళ వయసులో, అలసట అంటే ఏమిటో తెలుసుకుందామని బర్మింగ్‌హాం షెల్లు ఫ్యాక్టరీలో కూలివాడిలా పనిచేశారు. పద్యాలూ రాశారు. 1932లో ఏడ్రియన్‌తో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. చివరి రోజుల్లో ఆయన్ని మంచానికి దగ్గర చేసింది కీళ్ళవాతమే. 1952 మార్చి 4న ఈస్ట్‌బోర్న్‌లో పోయారు, తొంభైనాలుగేళ్ళు నిండి.