బేగం రొకేయా – ఒక పాఠశాల కథ

స్త్రీ విద్యకై పాటుపడిన మహనీయులను తలచుకొనేటప్పుడు సావిత్రీబాయి ఫూలేను, కందుకూరి వీరేశలింగం పంతులుగారిని మనం భక్తితో స్మరిస్తాము. వారి సరసన నిలువదగిన మరొక పేరు బేగం రొకేయా సఖావత్ హుస్సేన్. ఉర్దూ, తెలుగు భాషల వారు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాలలో ఆమె కథ అందరికీ తెలియవలెనన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రొకేయా 1880లో, నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతాన, పైరాబంద్ గ్రామంలో ఒక జమీందారీ కుటుంబాన జన్మించారు. ఆ ఇంట ఘోషా మిక్కిలి కఠినం. ఐదవ ఏటి నుండే ఆడపిల్ల పరాయి స్త్రీల కంట కూడ పడరాదు. బాలికలు బెంగాలీగాని, ఆంగ్లంగాని నేర్చుట పెద్దలకు సమ్మతం కాదు. బడి ముఖం ఎరుగని ఆ బాలికకు అన్న ఇబ్రహీం సాబేర్ ఇంటిల్లిపాదీ నిద్రించిన తరువాత దీపపు వెలుగులో ఆంగ్లం నేర్పారు. అక్క కరీమున్నీసా బెంగాలీ నేర్పారు.

బీహారులోని భాగల్పూరులో డిప్యూటీ మెజిస్ట్రేటుగా ఉన్న సయ్యద్ సఖావత్ హుస్సేన్‌తో ఆమెకు వివాహమైంది. ఆయన వయస్సులో చాల పెద్దవారైనా, భావాలలో ఉదారులు. భార్యను వ్రాయుమని ప్రోత్సహించారు. పురుషులు ఘోషాలో ఉండగా స్త్రీలు విజ్ఞానశాస్త్ర బలంతో రాజ్యమేలే ఒక వింత దేశాన్ని ఊహించి, ఆమె ఆంగ్లంలో వ్రాసిన “సుల్తానాస్ డ్రీమ్” 1905లో మద్రాసు నుండి వెలువడిన స్త్రీల పత్రికలో అచ్చయింది. ఆ పత్రిక సంపాదకురాలు తెలుగు కుటుంబాన జన్మించిన కమలా సత్యనాథన్ అగుట మనకు సంతోషకరం.

కన్న బిడ్డలిద్దరూ పసితనంలోనే పోయారు. 1909లో భర్త కూడ మరణించారు. బాలికల పాఠశాల కొరకని ఆయన విడిచి వెళ్ళిన సొమ్ముతో ఆమె ఆ ఏడే భాగల్పూరులో ఐదుగురు పిల్లలతో బడి తెరిచారు. కుటుంబంలో ఆస్తి తగాదాలు తలెత్తగా ఆ ఊరు విడువవలసి వచ్చింది. 1911 మార్చి 16వ తేదీన కలకత్తాలో ఎనిమిది మంది బాలికలతో సఖావత్ స్మారక బాలికా పాఠశాల మరల ఆరంభమైంది. తాను ఏనాడూ బడిలో కూర్చుండనందున, బడి నడుపు పద్ధతి తెలిసికొనుటకు ఆమె ఇతర బాలికా పాఠశాలలకు పోయి, తరగతులను గమనించి వచ్చారు. కలకత్తాలో ఉపాధ్యాయినులు దొరకక మద్రాసు, గయ, ఆగ్రా వంటి ఊళ్ళ నుండి రప్పించారు.

ఇక పిల్లలు రావలెను. ఇంటింటికీ వెళ్ళి తల్లిదండ్రులను బ్రతిమాలవలసి వచ్చింది. ఘోషాకు భంగం కలుగదని మాట ఇచ్చి, గాలి చొరని మూసిన బండిని ఏర్పాటు చేశారు. ఆ చీకటిలో పిల్లలు భయపడి ఏడ్చారు, వాంతులు చేసికొన్నారు, మూర్ఛపోయారు. తలుపులు తీసి తెరలు కట్టించగా, ఆ తెరలు గాలికి ఎగురుచున్నవని పేరులేని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. భాష విషయం మరింత బాధాకరం. బెంగాలీపై ప్రాణం పెట్టుకొన్న ఆమె ఉర్దూ మాధ్యమంలో బడి నడపవలసి వచ్చింది. 1917లో బెంగాలీ శాఖను తెరిచినా, పిల్లలు చేరక అది నిలువలేదు.

ఘోషాను కలంతో ఖండించిన వ్యక్తి తాను ఘోషా పాటించుట, బండికి తెరలు కట్టించుట పిరికితనం కాదా అని కొందరు ప్రశ్నించవచ్చు. మేము అట్లు భావించము. ఆమె దేనిని వదులుకొన్నారో చూచినట్లే, దేనిని వదులుకొనలేదో కూడ చూడవలెను. ఖురాను అర్థసహిత పఠనంతో పాటు భాషలు, ప్రథమ చికిత్స, కుట్టుపని, వ్యాయామం అన్నియు ఆ బడిలో నేర్పారు. కలం పదును తగ్గించుకొనలేదు. ఘోషా దురంతాలను వివరించే “అవరోధవాసిని”ని 1931లో గ్రంథంగా ప్రచురించారు. బండికి తెర కట్టారేగాని బుద్ధికి తెర కట్టలేదు.

1916లో ఆమె అంజుమనె ఖవాతీనె ఇస్లాం అనే సంఘాన్ని స్థాపించి పేద స్త్రీలకు, వితంతువులకు అండగా నిలిచారు. ఆ ఏడే మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు ఆమె సేవను మెచ్చుకొంటూ లేఖ వ్రాశారు. ఎనిమిది మందితో ఆరంభమైన బడి 1930 నాటికి ఉన్నత పాఠశాల అయింది. 1932 డిసెంబరు 9న రొకేయా కన్నుమూశారు. ఆ దినాన్ని బంగ్లాదేశ్‌లో నేటికీ రొకేయా దినంగా జరుపుతారు. పాఠశాల కోల్‌కతాలో ప్రభుత్వ విద్యాలయంగా నడుస్తున్నది.

మన తరగతులలో చేరి, నడుమ చదువు మానివేసే సోదరీమణులు నేటికీ లేకపోలేదు. వారి ఇంటి గడప వద్దకు ఎవరు వెళ్ళవలెను? కళాశాల పాలకవర్గం వారు, సహాధ్యాయులు ఈ ప్రశ్నను తమకు తాము వేసికొనవలెనని మా మనవి. రొకేయా ఆ గడపలు ఎక్కుటకు ఏనాడూ నామోషీ పడలేదు.