క్లారెన్స్ జోర్డాన్ గారు - వడ్డీ లేని ఇల్లు

క్లారెన్స్ జోర్డాన్ గారు 1912లో అమెరికా దేశములోని జార్జియా రాష్ట్రములో జన్మించిరి. వ్యవసాయశాస్త్రము చదివి, పిమ్మట గ్రీకు నూతన నిబంధనలో డాక్టరేటు పొందిరి. 1942లో అమెరికస్ పట్టణము చేరువను 440 ఎకరములలో, నల్లవారును తెల్లవారును ఒకే బల్లయొద్ద భుజించు వ్యవసాయ సమాజమును మిత్రులతో కలిసి స్థాపించి, సహవాసమను అర్థముగల కొయినోనియా అను పేరు పెట్టిరి. ఈ కారణముగా 1950లో స్వంత సంఘమే వారిని వెలివేసెను. తరువాత కాల్పులు, బాంబులు, వర్తకుల బహిష్కారము వచ్చినను ఆయన అచ్చటనే నిలిచిరి.

చుట్టుప్రక్కల బీదలు పాడుపడిన గుడిసెలలో నివసించుట ఆయన మనస్సును కలచెను. వారికి బ్యాంకులో అప్పు పుట్టదు. ధర్మముగా ఇచ్చినచో ఇల్లు దక్కునుగాని తల వంగును. కావున 1968లో మిల్లర్డ్ ఫుల్లర్ గారితో కలిసి 42 ఇండ్ల స్థలములు ఏర్పరచిరి. దాతల సొమ్ముతోను అందరి శ్రమతోను ఇల్లు లేచును. ఇంటివారు లాభము, వడ్డీ లేని అసలు ఖరీదును కొద్దికొద్దిగా చెల్లించి హక్కుదారులగుదురు. ఆ సొమ్ము మరియొక పొరుగువాని ఇంటికి పునాది యగును.

మొదటి ఇల్లు పూర్తికాకమునుపే 1969 అక్టోబరు 29న ఆయన ప్రభువునందు నిద్రించిరి. పేరు చెక్కిన రాయియైనను లేకుండ సమాధి చేసిరి. అయితే 1976లో ఫుల్లర్ దంపతులు ఆ పద్ధతి మీదనే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీని స్థాపించిరి. 1983లో అది మన దేశమునకును వచ్చెను. బీదవానికి దానమిచ్చువారు అనేకులు. అతడు బాకీ తీర్చగలడని నమ్మినవారు ఈయన.