వణికే చేతిని గమనించిన వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్



మన ఊళ్ళలో అరుగు మీద ఊరికే కూర్చున్నా చేయి వణుకుతూ ఉండే పెద్దవాళ్ళను మనలో చాలామంది చూసే ఉంటాం. ముసలితనం అని కొందరు, తాగుడు వల్ల అని కొందరు అంటారు. కానీ అది మెదడులో కొన్ని కణాలు చనిపోవడం వల్ల వచ్చే జబ్బు కావచ్చు. ఆ జబ్బుకు ఒక వైద్యుని పేరు పెట్టారు. ఆయనే జేమ్స్ పార్కిన్సన్.

ఆయన 1755 ఏప్రిల్ 11న లండన్‌లోని హాక్స్‌టన్‌లో జన్మించారు. తండ్రి జాన్ పార్కిన్సన్ అక్కడే వైద్యం చేసేవారు. తండ్రి దగ్గరే పని నేర్చుకుని 1784లో శస్త్రవైద్యునిగా అర్హత పొందారు. జీవితమంతా ఆ పేటలోనే ఉండి అక్కడి ప్రజలకు వైద్యం చేశారు.

ఆయన పేదల పక్షపాతి. సామాన్యులకు ఓటు హక్కు కావాలని కోరే లండన్ కరస్పాండింగ్ సొసైటీలో చేరి, ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో కరపత్రాలు రాశారు. 1794లో రాజుపై కుట్ర జరిగిందన్న కేసులో ప్రీవీ కౌన్సిల్ ఆయనను పిలిపించి ప్రశ్నించింది. శిలాజాలన్నా ఆయనకు ఎంతో ఆసక్తి. వాటి గురించి 1804 నుండి 1811 వరకు మూడు సంపుటాలు ప్రచురించారు. 1807లో లండన్ జియలాజికల్ సొసైటీని స్థాపించినవారిలో ఆయన ఒకరు.

ఆయన పేరు నిలబెట్టింది మాత్రం 1817లో, 62 ఏళ్ళ వయసులో, వణుకుడు పక్షవాతంపై రాసిన చిన్న పుస్తకం. అందులో ఉన్నది కేవలం ఆరుగురి కథ. వారిలో ఇద్దరు వీధిలో ఎదురైనవారు. ఇంకొకరిని దూరం నుండి చూశారు, అంతే. పనిలేనప్పుడు కూడా చేయి వణకడం, నడుము ముందుకు వంగిపోవడం, నడుస్తూ నడుస్తూ ఆపుకోలేక పరుగులోకి పోవడం ఆయన గమనించారు. వేరువేరుగా కనిపించే ఈ లక్షణాలన్నీ మెల్లగా ముదిరే ఒకే జబ్బువని గుర్తించారు.

ఆ జబ్బుతో చనిపోయినవారి మెదడును పరీక్షించే అవకాశం ఆయనకు రాలేదు. మెడ దగ్గరి వెన్నుపాములో లోపం ఉండవచ్చని అనుకున్నారు. అయితే అది తన ఊహ మాత్రమేనని ఒప్పుకుని, శరీరాన్ని కోసి పరీక్షించే నిపుణులు అసలు కారణం వెతకాలని కోరారు. 1824 డిసెంబర్ 21న ఆయన కన్నుమూశారు. తరువాత ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టారు.

ఆయన కోరిన జవాబు దొరకడానికి నూరేళ్ళు పట్టింది. 1912లో లూయీ అనే వైద్యుడు రోగుల మెదడు కణాలలో గుండ్రని ముద్దలు చూశారు. 1919లో పారిస్‌లో ట్రెటియాకాఫ్ అసలు చోటు చూపించారు. మెదడు నడిమి భాగంలో నల్లగా కనిపించే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట కణాలు నశిస్తున్నాయి. కదలికలు సాఫీగా సాగడానికి కావలసిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసేవి ఆ కణాలే. ఈ జబ్బులో డోపమిన్ తగ్గిపోతుందని 1960లో వియన్నాలో హార్నికీవిచ్ నిరూపించారు. వణుకు బయటపడేసరికే ఆ కణాలలో సుమారు సగం పోయి ఉంటాయి. లూయీ చూసిన ముద్దలు ఆల్ఫా సిన్యూక్లియిన్ అనే ప్రోటీన్ గడ్డకట్టడం వల్ల ఏర్పడతాయని 1997లో తెలిసింది.

మెదడులో డోపమిన్‌గా మారే మందు లెవోడోపా. ముట్టుకుంటే ఒళ్ళంతా దురద పుట్టించే మన దూలగొండి గింజల్లో కూడా అది ఉంది! 1937లో దామోదరన్, రామస్వామి అనే మన దేశ శాస్త్రవేత్తలు ఆ గింజల నుండి దానిని వేరుచేశారు. అలాగని గింజలు తినరాదు, మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. పోయిన కణాలను అది తిరిగి తేలేదు. కానీ బిగుసుకుపోయిన మనిషిని మళ్ళీ నడిపించగలదు.

మిత్రులారా! పార్కిన్సన్ దగ్గర స్కానింగ్ యంత్రాలు లేవు. తోటి మనిషిని శ్రద్ధగా చూసే కళ్ళు, తెలియనిది తెలియదని చెప్పే నిజాయితీ ఉన్నాయి. ఆ రెండూ మనకూ అందుబాటులో ఉన్నవే. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతయ్య చేయి వణుకుతుంటే నవ్వకండి, వయసని వదిలేయకండి. నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.